ప్లాను పాసైనా ప్రశ్నించవచ్చు

కల్యాణ మండపం కడతామని ప్లాను పాస్ చేయించుకున్నారు. ఆనక దాన్నే సినిమా హాలుగా మారుస్తామంటే మున్సిపాలిటీ సరేనంది. కర్ణాటకలోని ఉడుపిలో జరిగిన సంగతి ఇది. టౌన్ ప్లానింగ్ స్కీము ప్రకారం ఆ చోటు నివాస ప్రాంతం. అక్కడే కాపురముంటున్న ఒకాయన కోర్టుకెక్కాడు. హాలు కట్టినవాళ్లు డబ్బంతా ఖర్చయిపోయిందన్నారు, మున్సిపాలిటీ తీర్మానం చేసిందన్నారు. 1974లో సుప్రీంకోర్టు ఈ రెండు వాదనలనూ తోసిపుచ్చింది. చట్టం ఇవ్వని అధికారంతో ఇచ్చిన అనుమతికి విలువ లేదంది. ఎవరూ అడ్డు చెప్పకుండా ఊరుకున్నంత మాత్రాన అది చట్టబద్ధమైపోదంది. నివాస ప్రాంతాన్ని నివాస ప్రాంతంగానే ఉంచమని అడిగే హక్కు అక్కడ ఉండేవాళ్లకు ఉందని తేల్చింది. రామదాస్ షెణై కేసుగా పేరుపడిన ఈ తీర్పును వకీళ్లు ఇప్పటికీ ఉదహరిస్తుంటారు. అదేమీ మహానగరం సంగతి కాదు, ఓ మామూలు మున్సిపాలిటీలో ఇరుగుపొరుగు తగాదా. హిందూపురంలోనో ధర్మవరంలోనో పక్కింటి గోడ మన కిటికీ మీదికి వచ్చేసినప్పుడు "వాళ్లకు ప్లాను పాసైందంట, మనమేం చేస్తాం" అనుకునేవాళ్లు మొట్టమొదట తెలుసుకోవాల్సిన కేసు ఇదే.

కోర్టు చూసేది ఫైలు

రాజ్యాంగంలోని 226వ అధికరణ కింద రిట్ వేస్తే హైకోర్టు కొలత టేపు పట్టుకుని మన వీధికి రాదు. ఫైలు తెప్పిస్తుంది. అనుమతి ఇచ్చిన అధికారికి ఆ అధికారం ఉందా, ఇవ్వాల్సిన నోటీసు ఇచ్చాడా, అవతలివాళ్ల మాట విన్నాడా, మాస్టర్ ప్లాను చూశాడా, కారణం రాశాడా అని వెతుకుతుంది. ఆ షాపింగ్ కాంప్లెక్స్ ఊరికి అవసరమా, ఆ ఇల్లు అందంగా ఉందా అన్న జోలికి పోదు. అందుకే నిజంగా అన్యాయం జరిగిన కేసు కూడా ఒక్క కాగితం చేతిలో లేకపోతే బలహీనపడుతుంది. కమిషనర్‌కు ఇచ్చిన ఫిర్యాదు మీద ఇన్‌వర్డ్ ముద్ర, తేదీ వేయించుకున్న కాపీ ఒకటి ఇంట్లో ఉంటే, ఆ ఒక్క కాగితం సగం కేసు.

ఇంకో సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. కట్టడాల మీద వేసే రిట్లలో తరచూ వచ్చే ఉత్తర్వు "పిటిషనర్ ఇచ్చిన వినతిని ఇన్ని వారాల్లో పరిశీలించి నిర్ణయం తీసుకోండి" అన్నది. గెలిచామనుకుని ఇంటికొస్తారు. నిజానికి కోర్టు బంతిని మళ్లీ మున్సిపల్ ఆఫీసుకే పంపింది. ఆ గడువు అయిపోయేదాకా రోజూ కాకపోయినా వారానికోసారి టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో కనబడి, తీసుకున్న నిర్ణయం కాపీ చేతికి తెచ్చుకోవాలి. ఆ నిర్ణయం తప్పయితే దాని మీద మళ్లీ కోర్టుకు పోవచ్చు. నిర్ణయమే తీసుకోకపోతే అది కోర్టు ధిక్కారం కిందికి వస్తుంది.

1863 లండన్ నుంచి 2024 ఢిల్లీ దాకా

ఇల్లు కూల్చే ముందు యజమాని మాట వినాలన్న సూత్రం ఎప్పటిదో తెలుసా? 1863 నాటి లండన్‌ది. వాండ్స్‌వర్త్‌లో కూపర్ అనే ఆయన ఇల్లు మొదలుపెట్టాడు, రెండో అంతస్తు దాకా లేపాడు. పని మొదలుపెట్టే ముందు బోర్డుకు ఏడు రోజుల నోటీసివ్వాలని చట్టం చెబుతోంది, ఇవ్వలేదని బోర్డు ఆరోపణ. బోర్డువాళ్లు ఒక మాటైనా అడక్కుండా వచ్చి కూల్చేశారు. చట్టంలో ఎక్కడా "యజమాని మాట వినండి" అని రాసి లేదు. అయినా కోర్టు బోర్డునే తప్పుబట్టింది. చట్టం మౌనంగా ఉన్నచోట సహజ న్యాయం మాట్లాడుతుందని చెప్పి కూపర్‌కు పరిహారం ఇప్పించింది. మన దేశంలోని మున్సిపల్ కేసుల్లోనూ ఆ తీర్పు నీడ కనిపిస్తుంది.

మన సుప్రీంకోర్టు 2024 నవంబర్ 13న దీన్ని ఇంకా గట్టిగా, లెక్కగా చెప్పింది. న్యాయమూర్తులు బి.ఆర్. గవాయ్, కె.వి. విశ్వనాథన్ ఇచ్చిన ఆ మార్గదర్శకాల ప్రకారం కూల్చివేతకు ముందు షోకాజ్ నోటీసివ్వాలి. స్థానిక చట్టం చెప్పిన గడువు, 15 రోజులు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అంత సమయం ఇవ్వాలి. నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, కట్టడానికీ అంటించాలి. కలెక్టర్ ఆఫీసుకు ఈమెయిల్‌లో తెలపాలి. యజమానిని పిలిచి మాట్లాడాలి. చివరి ఉత్తర్వులో ఏ భాగం అక్రమమో, దాన్ని జరిమానాతో సరిచేసే వీలుందో లేదో, కూల్చడం తప్ప వేరే దారి ఎందుకు లేదో కారణం రాయాలి. ఆ తర్వాత కూడా తనంతట తాను తీసేసుకోవడానికి మరో 15 రోజులివ్వాలి. కూల్చేదంతా వీడియో తీయాలి. వీటిని మీరిన అధికారి కూల్చినదాన్ని తన సొంత ఖర్చుతో తిరిగి కట్టించాలి, నష్టపరిహారం కూడా ఇవ్వాలి. రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క స్థలం, చెరువులు, నదుల్లాంటి చోట్ల ఉన్న ఆక్రమణలకూ, కోర్టే కూల్చమన్న వాటికీ ఈ రక్షణ లేదు.

మన ఊళ్లలో ఆ నోటీసు కాగితం ఎలా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు. ముందు తాత్కాలిక ఉత్తర్వు వస్తుంది: ఫలానా డోర్ నంబరు, ప్లానుకు విరుద్ధంగా ఫలానా వైపు ఇన్ని అడుగులు, ఇన్ని రోజుల్లో సంజాయిషీ. సంజాయిషీ నచ్చకపోతే ధ్రువీకరణ ఉత్తర్వు. కింద ఓ మూల పెన్నుతో రాసిన ఒక వాక్యం ఉంటుంది. తీసుకోవడానికి నిరాకరించినందున ఇద్దరు సాక్షుల సమక్షంలో గోడకు అంటించడమైనది అని. ఆ ఒక్క వాక్యం మీద ఎన్ని కేసులు నడుస్తాయో లెక్కలేదు. నిజంగా అంటించారా, సాక్షులెవరు, తేదీ ఏది? నోటీసు అందుకున్న రోజునే ఫోన్‌తో ఫొటో తీసుకుని పెట్టుకోవడం, అందలేదని చెప్పడం కంటే ఎన్నో రెట్లు మంచిది.

ఎందుకంటే అబద్ధం చెబితే కోర్టు ఊరుకోదు. గుంటూరు జిల్లా ఇప్పటంలో 2022 నవంబర్‌లో రోడ్డు విస్తరణ కోసం ప్రహరీలు కూల్చారు. నోటీసు లేకుండా కూల్చారన్న మాట మీద మొదట స్టే వచ్చింది. నోటీసులిచ్చిన సంగతి దాచారని తర్వాత బయటపడింది. హైకోర్టు ఆ 14 మంది పిటిషనర్లకు తలా లక్ష రూపాయల జరిమానా వేసింది. పేదవాళ్లకు అది చిన్న మొత్తం కాదు, చదివినప్పుడు నాకూ బాధేసింది. కానీ రిట్ అన్నది నిజం చెప్పినవాడికి దొరికే ఊరట. ఆ షరతు అందరికీ ఒకటే.

తెలంగాణలోని అమీన్‌పూర్‌లో అధికారులు 2024 సెప్టెంబర్ 22న కట్టడం కూల్చారు. ఆ రోజు ఆదివారం. సెలవు రోజున అంత తొందరేమొచ్చిందని హైకోర్టు అధికారులను గట్టిగా నిలదీసింది. కోర్టు తలుపులు మూసి ఉన్నప్పుడు జేసీబీ తేవడం కేవలం వేళ తప్పడం కాదు, ఆ మనిషికి న్యాయం అడిగే దారి మూసేయడం. అదే ఏడాది జూలైలో ఒక రాజకీయ పార్టీ జిల్లా కార్యాలయాలకిచ్చిన నోటీసుల కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా ప్రతి దశలో వాళ్ల వాదన వినాలనే చెప్పింది. పార్టీ ఆఫీసైనా, పేదవాడి రేకుల షెడ్డయినా పద్ధతి ఒకటే.

హక్కు ఎవరిదో తేల్చేది ఎవరు?

"ఆ స్థలం నాది, వాడికి ప్లాను ఎలా ఇచ్చారు?" మున్సిపల్ ఆఫీసుల్లో అన్నిటికంటే ఎక్కువగా వినబడే గొడవ ఇదేనేమో. 2001లో హైదరాబాద్ పాటరీస్ కేసులో హైకోర్టు దీనికి గీత గీసింది. కమిషనర్ సివిల్ కోర్టు జడ్జి కాదు, హక్కు తేల్చే పని ఆయనది కాదు. అలాగని కళ్లు మూసుకుని సంతకం పెట్టనూ కూడదు. దరఖాస్తుదారుకు పైకి కనబడేంత హక్కు, చట్టబద్ధమైన స్వాధీనం ఉన్నాయో లేదో చూడాల్సిందే. అసలు తగాదాకు సివిల్ కోర్టుకు పోవాలి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడు చోట్లా కోర్టులున్నాయి కాబట్టి దానికి అమరావతి దాకా పోనక్కర్లేదు.

వెలుతురు సంగతి వేరు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం ఒక కిటికీలోంచి 20 ఏళ్ల పాటు అడ్డు లేకుండా వెలుతురు, గాలి వస్తే దాని మీద హక్కు పుడుతుంది. పక్కవాడు సెట్‌బ్యాక్, అంటే హద్దు దగ్గర వదలాల్సిన ఖాళీ, వదలకపోతే అది మున్సిపాలిటీ చూడాల్సిన తప్పు. సెట్‌బ్యాక్ వదిలినా మన పాత కిటికీ మూసుకుపోతే సివిల్ దావా. ఈ రెండు దారులనూ కలిపేసుకుని ఏళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

పట్టు నేసే ఇల్లు, ప్లానులో గది

ధర్మవరంలో మగ్గం ఇంట్లోనే ఉంటుంది. మగ్గం గుంట తవ్వుకుని, దారాలకు సరిపడా పొడుగు గది వదులుకుని, మిగిలిన చోట కాపురం. భౌగోళిక గుర్తింపు పొందిన ధర్మవరం పట్టు చీర పుట్టేది అలాంటి ఇళ్లలోనే. నివాసానికని ప్లాను తీసుకుని ఇంట్లో చేనేత మగ్గం వేసుకోవడం వేరు, అదే స్థలంలో పవర్‌లూమ్ షెడ్డు వేయడం వేరు. వాడుక మారింది కాబట్టి పొరుగువాళ్లకు ఉడుపి కేసులో వచ్చిన ప్రశ్నే మళ్లీ వస్తుంది. మాస్టర్ ప్లాను పటంలో పసుపు రంగు నివాసం, నీలం వాణిజ్యం, ఊదా పరిశ్రమ, ఆకుపచ్చ పార్కు. మన వీధి ఏ రంగులో ఉందో ఇల్లు కొనే ముందు ఒక్కసారి చూసుకునేవాళ్లు ఎంతమంది? నా దృష్టిలో ఆ పటం ప్రతి వార్డు సచివాలయం గోడ మీద పెద్దదిగా వేలాడదీయాలి.

పెనుకొండ కథ ఇంకోలా ఉంటుంది. విజయనగర రాజులకు తళ్లికోట యుద్ధం తర్వాత రాజధానిగా నిలిచిన ఊరు, 2020 దాకా గ్రామ పంచాయతీ. ఆ ఏడాది నగర పంచాయతీ అయింది, 2021 నవంబర్‌లో తొలి ఎన్నికలు జరిగాయి. దగ్గర్లోని ఎర్రమంచి వద్ద కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చింది. ఊళ్లో పంచాయతీ కార్యదర్శి సంతకంతో నడిచిన ఇళ్ల అనుమతులు కమిషనర్ టేబుల్ మీదికి మారాయి. పాత పంచాయతీ తీర్మానం కాపీ, రసీదు, ఇంటి పన్ను పుస్తకం ఉన్నవాళ్లు వాటిని జాగ్రత్తగా దాచుకోవాలి. రేపు నోటీసు వస్తే "అప్పట్లో అనుమతి ఉంది" అని నోటితో చెబితే చెల్లదు.

లేపాక్షిలో ఇల్లు కట్టాలంటే ఇంకో గడప దాటాలి. వీరభద్రాలయం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 1958 చట్టానికి 2010లో తెచ్చిన సవరణ ప్రకారం అలాంటి కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం. ఆపైన మరో 200 మీటర్ల దాకా జాతీయ స్మారక కట్టడాల ప్రాధికార సంస్థ ఒప్పుకుంటేనే కట్టాలి. స్థానిక సంస్థ ఇచ్చిన ప్లాను ఒక్కటే చేతిలో ఉంటే అది చాలదు.

పార్కు ఎవరి సొత్తు?

హిందూపురానికి అమరావతి కంటే బెంగళూరు దగ్గర. ఆ బెంగళూరులో పార్కుకని వదిలిన స్థలాన్ని ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు కేటాయించారు. పైనుంచి, ముఖ్యమంత్రి నుంచి మాట రాగానే కింద ఫైలు కదిలింది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కోర్టుకు వెళ్లారు. ఆస్పత్రి కూడా ప్రజలకు మేలే కదా అన్నది అవతలి వాదన. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. ఖాళీ స్థలం, పచ్చదనం ఊరికి ఊపిరి లాంటివని, ప్లానులో ఒకసారి పార్కుగా గుర్తించిన చోటును ఇష్టమొచ్చినట్టు మార్చే అధికారం ఎవరికీ లేదని చెప్పింది. బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసు అది. ఎనిమిదేళ్ల తర్వాత లక్నోలో పార్కు కింద కట్టిన భూగర్భ షాపింగ్ కాంప్లెక్స్‌ను కూల్చి పార్కును మళ్లీ పార్కుగా చేయమని అదే కోర్టు ఆదేశించింది. ఆ కాంట్రాక్టును టెండర్ లేకుండా ఇచ్చారు.

ఈ రెండు తీర్పులూ మన లేఔట్లకు సూటిగా తగులుతాయి. ఆంధ్రప్రదేశ్ లేఔట్ నిబంధనల ప్రకారం పది శాతం స్థలం ఉమ్మడి ఖాళీ స్థలంగా వదలాలి, దాన్ని స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ ద్వారా అప్పగించాలి. ప్లాట్లన్నీ అమ్ముడయ్యాక ఆ మూల స్థలంలో పునాది పడుతుంటే, ఆ లేఔట్‌లో ప్లాటున్న ఎవరైనా ప్రశ్నించవచ్చు. గిఫ్ట్ డీడ్ నంబరు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దొరుకుతుంది. దానికి ఒక్క పూట పని.

చెరువుల విషయంలో కోర్టుల మాట ఇంకా కఠినం. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెరువు, ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించే పథకం తయారు చేయమని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఎన్నేళ్లుగా ఉంటున్నామన్నది, ఎంత డబ్బు పెట్టామన్నది సాకు కావని తేల్చింది. వాన తక్కువ పడే సీమలో, ధర్మవరం లాంటి పెద్ద చెరువు పక్కన పెరిగిన ఊళ్లలో ఈ తీర్పు విలువ వేరే చెప్పాలా?

బీపీఎస్ కట్టేశాం కదా!

2007 డిసెంబర్ 31న ఉమ్మడి రాష్ట్రంలో అక్రమ కట్టడాలను జరిమానాతో క్రమబద్ధీకరించే బిల్డింగ్ పీనలైజేషన్ స్కీము (బీపీఎస్) వచ్చింది. మళ్లీ 2015లో, 2019లో. ప్రతిసారీ ఒక కటాఫ్ తేదీ, ప్రతిసారీ ఇదే ఆఖరు అన్న మాట. ప్రభుత్వ భూమి, చెరువు శిఖం, లేఔట్ ఖాళీ స్థలం ఇలాంటి వాటికి ఆ స్కీములు వర్తించవు. దరఖాస్తు పెట్టిన రసీదు వేరు, క్రమబద్ధీకరించిన ప్రొసీడింగ్స్ వేరు. రసీదును చూపించి ఇల్లు అమ్మితే కొన్నవాళ్లు చిక్కుకుంటారు. మళ్లీ మళ్లీ వచ్చే ఈ స్కీములు నిబంధన పాటించి సెట్‌బ్యాక్ వదిలిన మనిషికి అన్యాయం చేస్తున్నాయని నా గట్టి అభిప్రాయం.

2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు ఇంకో పక్క నుంచి బిగించింది. పాసైన ప్లాను కట్టే చోట అందరికీ కనబడేలా పెట్టాలి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేకుండా బిల్డర్ ఇల్లు అప్పగించకూడదు, కరెంటు, నీళ్ల కనెక్షన్లు దాన్ని చూశాకే ఇవ్వాలి, బ్యాంకులు కూడా దాన్ని చూశాకే అప్పివ్వాలి అని ఆదేశించింది. మీరట్‌లో ఇంటి స్థలంలో కట్టిన షాపుల కేసు అది.

ప్రభుత్వానికి వేరే చట్టం లేదు

మన రాష్ట్రంలో స్కూళ్ల ఆవరణల్లో గ్రామ సచివాలయాలు, రైతు భరోసా కేంద్రాలు కట్టొద్దని హైకోర్టు 2020 జూన్‌లో చెప్పింది. ఆదేశం అమలు కాలేదు. 2022 మార్చి 31న ఎనిమిది మంది ఐఏఎస్ అధికారులకు కోర్టు ధిక్కారం కింద రెండు వారాల జైలు శిక్ష పడింది. క్షమాపణ చెప్పాక ఆ శిక్ష సంక్షేమ హాస్టళ్లలో సేవగా మారింది. కొందరు అప్పీలుకు వెళ్లారు. పిల్లలు ఆడుకునే చోటు కోసం ఇంత దూరం వెళ్లిన ఆ కేసు నాకు ఎంతో ఇష్టం.

అదే నెల 3న అమరావతి తీర్పు వచ్చింది. మాస్టర్ ప్లాను ప్రకారం రాజధాని కట్టి, భూములిచ్చిన రైతులకు అభివృద్ధి చేసిన ప్లాట్లివ్వాలని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. అందులోని గడువులపై సుప్రీంకోర్టు ఆ నవంబర్‌లో స్టే ఇచ్చింది. అంతకు ముందు, 2021 అక్టోబర్‌లో, పేదలకిచ్చిన ఒక సెంటు పట్టణ స్థలాల్లో ఇళ్ల నిర్మాణాన్ని ఏకసభ్య ధర్మాసనం ఆపింది. ఒక సెంటంటే 48.4 చదరపు గజాలు. ఒక కుటుంబం అందులో ఆరోగ్యంగా ఎలా బతుకుతుందన్నది ఆ తీర్పు అడిగిన ప్రశ్న. డివిజన్ బెంచ్ తర్వాత ఆ తీర్పును పక్కన పెట్టింది, ఇళ్లు లేచాయి. ప్రశ్న మాత్రం ఇంజనీర్లు, వైద్యులు కూర్చుని మాట్లాడుకోవాల్సినదే.

స్తంభాలు లేస్తున్నప్పుడే

ఇంగ్లండ్‌లో ప్లానింగ్ అనుమతిని కోర్టులో సవాలు చేయాలంటే 2013 నుంచి ఆరు వారాలే గడువు. మన దగ్గర రిట్‌కు అలాంటి కచ్చితమైన గడువు లేదు. అయినా ఆలస్యాన్ని కోర్టు లెక్కలోకి తీసుకుంటుంది. పునాది దశలో వచ్చినవాడికీ, గృహప్రవేశం అయ్యాక వచ్చినవాడికీ ఒకే ఊరట దొరకదు. పొరుగువాళ్లు కోర్టుకు పోతారని అనుమానమున్న బిల్డర్, తన మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని ముందే కేవియట్ వేసి పెట్టుకుంటాడు. సివిల్ కోర్టులో దానికి ఆయుష్షు 90 రోజులు. అవతల ఏ ప్లాను పాసైందో తెలియకపోతే మున్సిపాలిటీలో సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. జవాబుకు 30 రోజులు పట్టొచ్చు, అంటే ఆ దరఖాస్తు ముగ్గు పోసిన వారంలోనే పడాలి.

ఇక దూరం. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2019 జనవరి 1 నుంచి అమరావతిలో ఉంది. ధర్మవరం నేతన్నకో హిందూపురం చిల్లర వ్యాపారికో అది రైలెక్కి గుంటూరులోనో విజయవాడలోనో దిగి, అక్కణ్నుంచి మళ్లీ బస్సెక్కాల్సిన ప్రయాణం. ఈ-ఫైలింగ్ వచ్చింది, వకీలును ఇక్కణ్నుంచే పెట్టుకోవచ్చు. అయినా ఫైలు పట్టుకుని ఎదురుగా కూర్చుని చెప్పుకోవడంలో ఉన్న ధైర్యం వేరు. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో రాజధాని, హైకోర్టులలో ఏదో ఒకటి సీమకు రావాలన్న మాట ఉంది. 2024 నవంబర్‌లో రాష్ట్ర శాసనసభ కర్నూలులో హైకోర్టు బెంచ్ కావాలని తీర్మానం చేసింది. పెనుకొండ మీదుగా పోయే 44వ జాతీయ రహదారి నేరుగా కర్నూలుకే పోతుంది. అక్కడ బెంచ్ కూర్చుంటే పొద్దున బస్సెక్కినవాడు తన కేసు విని రాత్రికి ఇల్లు చేరతాడు.